విడిచిన పేరు, తొడిగిన అంగీ

మా చిన్నోడు మానుకోట పోయి ఒక టీషర్టు కొనుక్కొచ్చాడు. కొత్తదే. చూస్తే మాత్రం పదేళ్లు చాకిరేవు తిరిగినట్టుంది. రంగు వెలిసింది, బొమ్మ పెచ్చులూడింది. "మోసపోయినవురా, మార్చుకొని రాపో" అన్నాను. "డాడీ, ఇది వింటేజ్" అన్నాడు, నా మీద జాలిపడి.

విచారిస్తే తెలిసింది. బట్టను రాళ్లతో కలిపి మిషన్లో తిప్పి మరీ వెలిసేలా చేస్తారట. బొమ్మకు అచ్చులోనే బీటలు పెడతారట. మా నెల్లికుదురు చేన్లలో ఆ పని ఎండ ఉచితంగా చేస్తోంది. పత్తి ఏరి ఏరి, మిరపతోటలో వంగి వంగి వెలిసిన అంగీలు ఇంటికి నాలుగున్నాయి. వాటిని ఎవరూ వింటేజ్ అనరు, లేమి అంటారు.

అంగీ మీద తెల్ల ఎలుగుబంటి. పైన 'బారో, అలాస్కా'. కింద ఇంగ్లిషులో వారసత్వం గురించి ఒక ముక్క, '71 డిగ్రీలు' అని ఒక అంకె. అరుగు మీది మా చిన్నాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏ పార్టీదిరా పిలగా?"

బొమ్మున్న టీషర్టులు ఆయనకు తెలిసి రెండే రకాలు. ఓట్లప్పుడు పార్టీలు పంచేవి, వానాకాలం ముందు విత్తనాల కంపెనీలు పంచేవి.

"కొన్న తాతా. నాలుగు వందలు."

"ఊరి పేరు మోసినందుకు ఆళ్లు నీకియ్యాలె గని, నువ్వు పైసలిచ్చుడేంది? అయినా 71 డిగ్రీలా! మనకు 45కే పానం పోతాంది, ఆళ్లెట్ల బతుకుతాండ్రు?"

అది ఎండ కాదు, భూగోళం మీది లెక్క అని చెప్పాను. అలాస్కా ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఇనుపియాట్ జనం ఊరది. గడ్డకట్టిన నేలలో గోతులు తవ్వి తిమింగలం మాంసం దాచుకుంటారు. నవంబరులో మునిగిన పొద్దు మళ్లీ జనవరిలోనే పొడుస్తుంది, దాదాపు 65 రోజులకు.

"రెండు నెలలు రాత్రేనా? మోటర్లకు రాత్రి కరెంటే ఇచ్చిన రోజుల్ల ఆ ఊర్ల పుట్టకపోతిమి!"

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. జాన్ బారో బ్రిటన్ నౌకాశాఖలో పెద్ద అధికారి. ఆ తీరం ఏనాడూ తొక్కలేదు. అటు ఓడలో పోయిన ఒకాయన అక్కడి కొసకు ఈ పెద్దసారు పేరు తగిలించాడు, అదే ఊరికీ అంటుకుంది. 2016 అక్టోబరులో ఊరోళ్లు ఓటేసుకున్నారు. బారో కన్నా ముందున్న పాత పేరు కావాలని 381 మంది, వద్దని 375 మంది. ఆరు ఓట్లతో ఊరు మళ్లీ ఉట్కియాగ్విక్ అయింది.

అదే నెల 11న మనకు మహబూబాబాద్ జిల్లా వచ్చింది. మనం పేరుకు ఓటూ వేయలేదు, కొట్లాడనూ లేదు. బస్సెక్కి పాత పేరుతోనే 'ఒక మానుకోట' అని టికెటు అడుగుతున్నాం, అంతే. నెల్లి అంటే ఉసిరి, కుదురు అంటే పాదు. ఇంత పచ్చని పేరు మాత్రం ఏ అంగీ మీదా చూడలేదు.

చిన్నాయన అంతా విని, అంగీ కొస పట్టుకొని నలిపి చూశాడు.

"అంటే ఆ ఊరోళ్లు ఇడిసిపెట్టిన పేరు నువ్వు తొడుక్కున్నవు. పాతదంటే నమ్మలేదు గని, నిజంగనే పాత బట్టరా ఇది. పారేయకు. స్టీలు గిన్నెలామె వస్తే ఒక గంటెన్న ఇస్తది."