వైరు బిగించెయ్, అదే సర్దుకుంటుంది!

మన సైకిల్ షాపుల్లో డిస్క్ బ్రేకు రోగాలన్నిటికీ మందు ఒకటే: వైరు బిగించడం. బ్రేకు పట్టడం లేదా? బిగించు. లివరు హ్యాండిల్‌కి ఆనుతోందా? ఇంకాస్త బిగించు. చక్రం గీరుకుంటోందా? వదులు చెయ్యి, రేపు వస్తే మళ్లీ బిగిద్దాం. కీచుమంటే రెండు చుక్కల నూనె. నూనెతో చప్పుడు నిజంగానే పోతుంది. బ్రేకూ పోతుంది.

వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకుల్లో చాలావాటికి కదిలేది బయటి ప్యాడ్ ఒక్కటే. చువ్వల వైపుది సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా కూర్చున్నచోటు నుంచి లేవదు. బయటిది వచ్చి డిస్కును కాస్త వంచి దాని మీదికి నెట్టాలి. అందుకే లోపలి ప్యాడ్‌ను డిస్కుకి తగలకుండా, వెంట్రుకవాసి సందు ఉండేలా ముందుకు జరపాలి. దానికోసమే తయారుచేసినవాడు అక్కడొక స్క్రూ పెట్టాడు. కొన్నిటికి అలెన్ కీ కావాలి, కొన్ని చేత్తోనే తిరుగుతాయి. అయితే అది చువ్వల సందులో ఉంటుంది, వంగి చూడాలి. వైరు బిగించే మర చేతికందేంత దూరంలో ఉండగా ఎవరు వంగుతారండీ!

ప్యాడ్లు అరిగినప్పుడల్లా వైరే లాగుతూ పోతే, ప్యాడ్లుండే కాలిపర్ మీద వైరు లాగే చిన్న పిడి బ్రేకు నొక్కకముందే సగం దారి తిరిగేసి ఉంటుంది. తీరా బస్సు అడ్డమొచ్చినప్పుడు దానికి తిరగడానికి చోటుండదు.

అమ్మేవాళ్లేం తక్కువ తిన్నారు? పిల్లల సైకిలు మీద కూడా ‘డ్యూయల్ డిస్క్’ అని ఫ్రేము పొడవునా స్టిక్కరు. ఆన్‌లైన్‌లో కొంటే ‘85 శాతం బిగించే పంపుతాం’ అంటారు. మిగిలిన 15 శాతంలో ఏముందయ్యా అంటే హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్లు, బ్రేకుల సర్దుబాటు. ప్రాణానికి సంబంధించినవన్నీ మన వాటా! ఇక కొనేవాడు, మిర్చి బజ్జీ తిన్న వేళ్లతోనే డిస్కు తడిమి ‘భలే నున్నగా ఉందే’ అని మురిసిపోతాడు. ఆ జిడ్డు ప్యాడ్లకెక్కాక కంపెనీని తిడతాడు.

కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివరు నొక్కిపట్టి మళ్లీ బిగిస్తే కాలిపర్ చాలావరకు తనంతట తానే తిన్నగా కూర్చుంటుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. అది వదిలేసి మూడోసారి వైరు లాగి, అది కాస్తా పుటుక్కున తెగాక మెకానిక్ తీర్పు చెబుతాడు: “ఈ వైరు బ్రేకులింతే సార్. హైడ్రాలిక్ వేయించుకోండి.”

అందులో బిగించడానికి వైరే ఉండదు. పాపం, ఆయనకి చెయ్యెలా ఆడుతుందో!