పాత తైవాన్ పంపులో వాల్వు జబ్బు కనిపెట్టే సులువు మార్గాలు

మిర్చికి మందు కొట్టే రోజులొచ్చాయి. కొత్త తైవాన్ పంపు, అదే పవర్ స్ప్రేయర్, ధర అడిగి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగారు. బెంగ వద్దు, పాతది కొనండి. అందులోనూ వీపుకి తగిలించుకునే ఫోర్ స్ట్రోక్ పంపయితే శ్రేష్ఠం. టూ స్ట్రోక్‌లో లేని వాల్వులు ఇందులో ఉంటాయి గనక, పాడైనప్పుడు నింద వెయ్యడానికి రెండు వస్తువులు అదనంగా దొరుకుతాయి. కింది చిట్కాలు పాటిస్తే చేతికి మడ్డి అంటదు, స్పానర్ పట్టే పనుండదు, సీజను హాయిగా గడిచిపోతుంది. పంట సంగతి తర్వాత.

1. తెల్లారుజామునే వెళ్లి కొనండి. రాత్రంతా చల్లబడ్డ ఇంజను ఒక్క లాగుకే అందుకుంటుంది. శభాష్ అని డబ్బులు లెక్కపెట్టెయ్యండి. "పావుగంట నడిపి, ఆపి, వేడి మీద మళ్లీ లాగి చూడరా" అని వెంట వచ్చిన పెద్దాయన ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. ఎగ్జాస్ట్ వాల్వు కాడకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు బిగిసిపోయిన ఇంజను చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటుంది. వేడెక్కి వాల్వు కాడ సాగాక తల సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ జారిపోతుంది, ఆపైన ఎంత లాగినా ఉలకదు పలకదు. ఇదంతా ముందే తెలిస్తే బేరం చెడుతుంది. బేరం చెడితే ఇంకో ఊరు తిరగాలి. ఎండ చూశారా?

2. తాడు ఎప్పుడూ ఒక్క విసురున లాగండి. మెల్లగా లాగితే పిస్టన్ పైకొచ్చే దగ్గర చేతికి గట్టిగా అడ్డు తగలాలి. తగలకపోతే లోపల గాలి ఎక్కడో పోతున్నట్టు. విసురుగా లాగేవాడికి ఈ గొడవేమీ తెలియదు. తాడు తెగిందా, ఆ పూటకి సెలవు.

3. ప్లగ్గు మార్చండి.

4. పని చెయ్యలేదా? ఇంకో ప్లగ్గు మార్చండి. పాతవి పారెయ్యకుండా కిటికీలో వరసగా పేర్చండి. "ఎన్ని తిప్పలు పడుతున్నాడో పాపం" అని ఇంట్లోవాళ్లు అనుకోవడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

5. హెడ్డులో టకటకమని చప్పుడొస్తే సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకోండి. సందు మరీ ఎక్కువైతే రాకర్ వాల్వు కాడని కొడుతుంది, ఆ చప్పుడే అది. వాల్వు తెరుచుకోవలసినంత తెరుచుకోదు, పంపు కాస్త నీరసిస్తుంది. నీరసం ఎవరికి ఉండదు?

6. పేలుళ్లకి పేర్లు పెట్టుకోండి. సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలితే అనుమానం ఎగ్జాస్ట్ వాల్వు మీదకి పోవాలి, కార్బొరేటర్ వైపు నుంచి తుమ్మితే ఇన్‌టేక్ మీదకి పోవాలి. మీరు అంత దూరం పోకండి. మొదటిదానికి "పికప్ బాగుంది" అనండి. రెండోదానికి "బంకులో పెట్రోలు కల్తీ" అనండి. రెండూ కలిసి వచ్చిన రోజు మందు కొట్టే కుర్రాడి మీద కేకలెయ్యండి. వాడు రేపట్నుంచి రాడు. రేపట్నుంచి మందు కొట్టకపోవడానికి మీకూ కారణం దొరికింది.

7. ఆయిలు ధారాళంగా పొయ్యండి. ఇలాంటి పంపుల్లో ఉండే 35 సీసీ ఇంజన్లకి పట్టేది 100 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసెడు. అంత పిసినారితనం ఎందుకు? పంపుని ఓ పక్కకి వంచి మరీ నింపండి. ఎక్కువైన ఆయిలు బ్రీదర్ దారిన ఎయిర్ ఫిల్టర్‌లోకి, అక్కణ్ణుంచి కార్బొరేటర్‌లోకి వెళ్లి కాలి, తెల్లగా పొగ చిమ్ముతుంది. వాల్వు మీద మసి గట్టిగా పేరుకుంటుంది. ఆ పొగకి దోమలు పోతాయని చెప్పుకోండి.

8. మెకానిక్ దగ్గరికి పోక తప్పకపోతే షట్టరు దించే వేళకి వెళ్లండి. తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్తే వాడు పని మొదలుపెడతాడు. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిలు వేసి మళ్లీ కంప్రెషన్ చూస్తాడు. పెరిగితే రింగులంటాడు, పెరక్కపోతే వాల్వులంటాడు. అంతటితో ఊరుకుంటాడా? పిస్టన్‌ని పైకి తెచ్చి, వాల్వులు రెండూ మూసుకున్న చోట ఆపి, అదే రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి చెవి ఒగ్గుతాడు. బుస్సుమనే శబ్దం కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, బ్రీదర్‌లో అయితే రింగులు. పది నిమిషాల్లో మీ గుట్టంతా నడిబజార్లో పడుతుంది. అందుకే షట్టరు సగం దిగాక వెళ్లి, "అన్నా, ఊరికే కార్బొరేటర్ కడిగివ్వు చాలు, పొద్దున్నే కావాలి" అనండి. కడిగిస్తాడు. జబ్బు జబ్బుగానే ఉంటుంది. "చూపించాను" అనే మాట మాత్రం మీ చేతికొస్తుంది, దాంతో నెల నెట్టుకు రావచ్చు.

9. ఖర్మకాలి హెడ్ కవరు విప్పాల్సి వచ్చిందా? ఫీలర్ గేజి కొనకండి, అది డబ్బున్నవాళ్ల సరదా. హోండా జీఎక్స్ 35 ఇంజనుకి ఇన్‌టేక్ సందు 0.08 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.11 అని కంపెనీవాళ్లు రాసుకున్నారు. ఇంజను చల్లారాకే కొలవమనీ చెప్పారు. వాళ్లకేం, ఏసీలో కూర్చుని ఎన్నైనా చెబుతారు. మీ ఇంట్లో శుభలేఖలు బోలెడు. ఒక ముక్క చింపి రాకర్ కింద దూర్చండి. అట్ట ఈ సందులకన్నా బాగా మందమే, అయినా పెళ్లివారి చలవ. పిస్టన్ ఎక్కడుందో చూడకండి. చేలోంచి తెచ్చిన వేడి మీదే లాక్ నట్ బిగించెయ్యండి. బిగిసే దాకా కాదు, చెయ్యి కాలే దాకా.

10. పురుగు మీ కోసం ఆగదని ఎవరైనా తొందరపెడితే పట్టించుకోకండి. 2021-22లో గుంటూరు, ఖమ్మం వైపు మిర్చిని నల్ల తామరపురుగు ఊడ్చేసిందంటారు, నిజమే. అది పూలలోకి దూరి కూర్చునే రకం. నీరసించిన పంపు మందుని అక్కడిదాకా కొట్టలేదు, పై ఆకుల్ని తడిపి వదిలేస్తుంది. ఇక్కడ కంగారు పడి పంపుని అనుమానించకండి. మందుల కొట్టు దగ్గరికెళ్లి నలుగురూ వినేలా "నువ్విచ్చింది నీళ్లయ్యా" అని అరవండి. ఈసారి అప్పు మీద ఇంకా ఖరీదైన మందిస్తాడు. దాన్ని కూడా పై ఆకుల మీదే కొట్టండి.

11. సీజను చివర్లో పంపుని మీ బావమరిదికి అమ్మండి. బయటివాడైతే సవాలక్ష ప్రశ్నలేస్తాడు, బావమరిదికి మొహమాటం. తెల్లారుజామునే రమ్మనండి, ఎందుకో మీకు తెలుసు. ఒక్క లాగుకే అందుకోగానే ఆపేసి, "పెట్రోలు దండగ, పద బావా, టిఫిన్ చేద్దాం" అని ఇంట్లోకి లాక్కుపోండి. మధ్యాహ్నానికి చేలోంచి ఫోను చేస్తాడు. చోక్ వేసి లాగమనండి. వేడి ఇంజనుకి చోక్ వేస్తే పెట్రోలు ముంచెత్తి ప్లగ్గు తడుస్తుంది, దాన్ని ఆరబెట్టుకోవడంతో సాయంత్రమైపోతుంది. మర్నాడు కవరు విప్పిస్తానంటే "విప్పితే గ్యారంటీ పోతుంది" అని గట్టిగా చెప్పండి. అదెప్పుడో అయిపోయిందని బిల్లు చూస్తే గానీ తెలియదు. బిల్లు మీరు ఇవ్వలేదు కదా.