నిండుకుండ

అక్టోబరులో ఒక ఆదివారం. చీకటితోనే హైదరాబాద్‌లో కారెక్కిన భార్యాభర్తలు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాటి, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరుకున్నారు. ఎండ ముదరకముందే గుట్టెక్కేశారు. పైనుంచి చూస్తే నల్లమల కొండల మధ్య ఎటు తిరిగినా కృష్ణమ్మే. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ వేళ దానికి బెత్తెడు తక్కువగా నిండి ఉంది.

దిగొచ్చి మరబోటు మాట్లాడుకున్నారు. నడిపే ఆయనకు యాభై అయిదేళ్లుంటాయి. లైఫ్ జాకెట్ల పట్టీలు తనే బిగించాడు. కోసిన నూనె డబ్బాతో బోటు అడుగున ఊరిన నీళ్లు తోడిపోసి ఇంజను లాగాడు.

గాలికి చున్నీ ఎగిరిపోతుంటే ఆమె చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. భర్త వచ్చేముందే అన్నీ చదువుకున్నాడు.

“అదిగో, ఆవలి ఒడ్డు దిక్కున సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోటంటారు. ఎండాకాలం నీళ్లు దిగితేనే ఆ గుడి బయటపడుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇంకా గొప్ప. చాళుక్యుల నాటిది. ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయికీ నంబరేసి విప్పి, అలంపురం తీసుకెళ్లి మళ్లీ అదే వరసలో పేర్చారు!”

“ఒక్క రాయి కూడా పోకుండానా?” ఆశ్చర్యపోయిందామె.

“పోలేదమ్మా. రాయికి రాయి లెక్క జెప్పిన్రు” అన్నాడు బోటాయన.

ఒడ్డుకు కాస్త దూరంలో, కొండ నీడ పడేచోట ఆయన ఇంజను ఆపేశాడు. కాళ్ల చెప్పులు తీసి పక్కన పెట్టాడు. కింద ఏ గుడో మునిగి ఉందనుకుని ఆమె కూడా చెప్పులు విప్పింది. రూపాయి బిళ్ల కళ్లకద్దుకుని నీళ్లలో వేసి దండం పెట్టుకుంది.

“ఏవండీ, ఏడాది పొడవునా ఇలాగే నిండుగా ఉంటే ఎంత బాగుండు!”

ఆ మాటతో భర్తకు ఎప్పటినుంచో ఉన్న కోరిక బయటికొచ్చింది. “అన్నా, ఈ ఒడ్డున నాలుగు గుంటల జాగా దొరుకుతుందా? చిన్న ఇల్లు కట్టుకుంటాం. పొద్దున లేచి తలుపు తీస్తే ఈ నీళ్లు కనబడాలి.”

“దొరుకుతది సార్. సూపిస్త.”

“మీ ఇల్లు ఎక్కడన్నా?” అడిగిందామె.

“ఈడనేనమ్మా. మీరు రూపాయి యేసిన కాడ.”

ఇద్దరూ ఒక్కసారే నీళ్లలోకి చూశారు.

“ఎనభై ఒకటిల ఊరు ఖాళీ చేయించిన్రు. నేను పదేండ్ల పోరణ్ని. గిట్ల నూరు ఊర్ల పైనే మునిగినయి. ఇంటికో కొలువిస్తమని ఎనభై ఆరుల 98 జీవో తీసిన్రు. ఆ కాయితం కోసం ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి మా అయ్య పోయిండు. ఎండలు ముదిరినంక నీళ్లు బాగ గుంజితే మా గోడల మొదళ్లు తేల్తయి. మా అవ్వ బువ్వొండిన పొయ్యిగడ్డ ఇంక అట్లనే ఉంది.”

భర్త ఏదో అనబోయాడు. మాట రాలేదు. బోటాయనే మళ్లీ అందుకున్నాడు.

“జాగా తప్పకుండ సూపిస్త సార్. మీకు నీళ్లు కనబడే ఇల్లు గావాలె. నాకు ఇల్లు కనబడేటట్టు నీళ్లు దిగితే సాలు.”