మద్దతు లేదు: టీకా తాత్పర్య సహితం

మూలం: "మీ బ్రౌజర్‌కు మద్దతు లేదు. దయచేసి క్రోమ్ తాజా వెర్షన్ వాడండి."

అవతారిక: ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంను నమ్ముకొని, అందులో ఫైర్‌ఫాక్స్ తెరిచి, కరెంటు బిల్లు కట్టబూనిన ఒకానొక గృహస్థుతో వెబ్‌సైటు పలికిన వాక్యం. ఫ్రీబీఎస్‌డీ 1993లో పుట్టింది, బర్క్‌లీ యూనిక్స్ వంశం. సంప్రదాయం గల కుటుంబమే గాని బలగం తక్కువ.

ప్రతిపదార్థం: మీ = గెంటివేయునపుడు ప్రయోగించు గౌరవ బహువచనముతో కూడిన మీ యొక్క; బ్రౌజర్‌కు = పక్క ట్యాబులో ఇప్పుడును చక్కగా పనిచేయుచున్న బ్రౌజరునకు; మద్దతు = పరీక్షించి చూచు ఓపిక; లేదు = మాకు లేదు; దయచేసి = దయ లేకుండ; క్రోమ్ = 2008లో గూగుల్ వారిచే విడుదలై, ఫ్రీబీఎస్‌డీకి మాత్రము వారిచే నేటికిని ప్రసాదింపబడని క్రోమ్ యొక్క; తాజా వెర్షన్ = మీ వద్ద లేనిదానిని; వాడండి = కంప్యూటరు మార్చుడు అని ధ్వని.

పాఠాంతరం: ప్రాచీన ప్రతుల్లో 'క్రోమ్ తాజా వెర్షన్' ఉన్నచోట 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6' అని కనిపిస్తుంది. అర్థభేదం లేదు.

తాత్పర్యం: మీ బ్రౌజర్‌కు ఏం చేతనవునో మేం చూడలేదు. పేరు అడిగాం. జాబితాలో లేదు.

విశేషాలు: బ్రౌజరు సర్వరు గడప తొక్కిన ప్రతిసారీ ప్రవర చెప్పుకోవాలి. దీన్ని యూజర్ ఏజెంట్ అంటారు. ఈ ప్రవరలో కల్తీ ఎప్పుడు మొదలైందో వ్యాఖ్యాతకు తెలుసు. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ తనను 'మొజిల్లా' అని చెప్పుకునేది. అది ఫ్రేములు చూపగలదు గనక, మొజిల్లా అన్నవాడికే మంచి పేజీ వడ్డించడం సర్వర్లకు అలవాటైంది. 1995లో ఎక్స్‌ప్లోరర్ వచ్చి, నేనూ మొజిల్లానే అంది. కేడీఈ వాళ్ల బ్రౌజరు ఇంజను కేహెచ్‌టీఎంఎల్, మొజిల్లా వారి ఇంజను గెకో పేరు తలచి, 'గెకో వంటిదాన్ని' అంది. కేహెచ్‌టీఎంఎల్ నుంచి యాపిల్ వెబ్‌కిట్ కట్టి 2003లో సఫారీ తెచ్చింది. క్రోమ్ ఆ వెబ్‌కిట్ మీదనే లేచి, 2013లో వేరు కాపురం పెట్టినా గోత్రం మార్చుకోలేదు. మొజిల్లా, యాపిల్‌వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెకో, సఫారీ: పంచార్షేయ ప్రవర. ఒక్కటీ తనది కాదు. ఇంత చదివిన క్రోమ్‌కు పీట వేస్తారు. చిన్న బ్రౌజరు వివాల్డీ నిజం చెప్పి చెప్పి విసిగి, 2019 డిసెంబరులో చాలా సైట్ల దగ్గర తన పేరు దాచేసి క్రోమ్ ప్రవరే వల్లించసాగింది. తప్పు పట్టలేం.

పూర్వపక్షం: ఫ్రీబీఎస్‌డీలో నిజంగానే లోపం ఉండవచ్చు కదా?

సమాధానం: ఉంది, ఒప్పుకోవాలి. సినిమాలకు తాళం వేసే వైడ్‌వైన్ దీనికి అధికారికంగా రాలేదు. లినక్స్ కోసం కట్టిన క్రోమ్‌ను అనుకూలత పొర మీద నడుపుకొని కొందరు గట్టెక్కుతుంటారు. ఇక్కడ రసజ్ఞులు గమనించవలసింది ఒకటుంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలను లోకానికి పంచిపెట్టే ఆ సంస్థ సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీదనే. వండేది ఇతడు, పంక్తిలో చోటు లేనిది ఇతడికే. దీన్ని విరోధాభాసం అనడానికి వీల్లేదు, విరోధమే.

కాని బిల్లు కట్టే పేజీలో వైడ్‌వైన్ ప్రసక్తి ఏది? నాలుగు పెట్టెలు, ఒక మీట. ఫలానా సౌకర్యం నీకు ఉందా అని బ్రౌజర్‌నే అడిగి తెలుసుకునే పద్ధతి జావాస్క్రిప్టులో మొదటినుంచీ ఉంది, సీఎస్‌ఎస్‌లోనూ వచ్చింది. అడిగితే జవాబు వస్తుంది. పేరు అడగడం సులువు, అంతే.

ప్రయోగం: గృహస్థు ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రవర మార్చి, విండోస్ మీద క్రోమ్‌ను అని రాశాడు. పేజీ తెరుచుకుంది. బిల్లు చెల్లింది, రసీదు సైతం వచ్చింది. యంత్రం అదే, బ్రౌజరు అదే.

అనుబంధ దోషం: నెలాఖరున సైటు యజమానులు లెక్కలు తీస్తారు. వచ్చినవాళ్లలో విండోస్, క్రోమ్ వాళ్లు ఒకరు పెరిగారు. ఫ్రీబీఎస్‌డీ, సున్న. ఎవరూ వాడని దానికోసం పరీక్షలెందుకని సమావేశంలో తీర్మానించి, మూలవాక్యాన్ని యథాతథంగా ఉంచుతారు.