వలందపాలెం వాడు వలందులింట్లో

మాది బందరు, వలందపాలెం. వలందులంటే హాలండు వాళ్లని, 1605లో మా ఊళ్లో దిగి వ్యాపారం పెట్టారని, పేటకు ఆ పేరు అలా నిలిచిపోయిందని సోషల్ మాస్టారు చెప్పిన రోజున నేను కిటికీలోంచి పుల్లఐసు బండి వైపు చూస్తున్నాను. ఇంజనీరింగు మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు నెదర్లాండ్స్‌లో చదివే అవకాశం వచ్చి, డెల్ఫ్ట్ అనే ఊరు ఖాయమయ్యాక తెలిసింది, ఆ వలందుల కంపెనీకున్న ఆరు శాఖల్లో ఒకటి అక్కడే ఉండేదట. అంటే నాలుగొందల ఏళ్ల తర్వాత మా పేట తరఫున పలకరింపు చెల్లు పెట్టడానికి పోతున్నది నేనన్నమాట.

వాళ్లు ఓడల్లో వచ్చారు, బరువు గొడవ లేదు. నాకు మాత్రం 23 కిలోల పెట్టెలు రెండే. సందు చివర బియ్యం కొట్టు కాటా మీద పెడితే మొదటిదే 31 చూపించింది. అందులో బట్టలు ఐదు కిలోలు, మిగతాదంతా ఆవకాయ, గోంగూర, కందిపొడి, తొక్కుడు లడ్డు. అమ్మ పెట్టె వంక కాసేపు చూసి, "బట్టలు తగ్గిద్దాం రా" అంది.

ఫిబ్రవరిలో దిగాను. ఎటు చూసినా చదును, కాలవలు, కాలవల పక్కన గడ్డి, గడ్డిలో కొంగలు. కొబ్బరిచెట్లు లేవు గానీ, కళ్లు సగం మూస్తే అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్తున్నట్టే ఉంది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం వచ్చి, మళ్లీ దివిసీమలోనే దిగానా అని ఏడుపొచ్చింది. తేడా అల్లా చలి. ఇక సైకిలెక్కితే గాలెప్పుడూ ఎదురే. పోయేటప్పుడు ఎదురు, సరే. తిరిగొచ్చేటప్పుడూ ఎదురే! దీనికి ఏ ప్రొఫెసరూ సమాధానం చెప్పలేదు.

అమ్మమ్మది నాగాయలంక. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి ఆవిడ చెట్టు పట్టుకుని బతికింది. ఆ తర్వాత ఏ నీళ్లనూ నమ్మలేదు. విమానం దిగిన చోటు సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువనుందని నేను వీడియో కాల్‌లో గొప్పగా చెప్పాను.

"సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊళ్లో గది అద్దెకు తీసుకున్నావా?"

"గట్లున్నాయి అమ్మమ్మా. 1953లో వీళ్లకీ ఉప్పెనొచ్చి 1,836 మంది పోయారు. ఆ తర్వాత సముద్రానికే తలుపులు పెట్టారు. రోటర్‌డామ్ దగ్గర రెండున్నాయి, ఒక్కోటి 210 మీటర్లు. తుపానొస్తే మూసేస్తారు."

"మూసేవాడు నిద్రపోతేనో?"

"మనిషి కాదు, కంప్యూటరు."

"కరెంటు పోతేనో?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు క్లాసులో అదే ప్రశ్న నాదన్నట్టు అడిగాను. ప్రొఫెసరు చేతిలో సుద్దముక్క కింద పెట్టి, గొప్ప ప్రశ్న అని మెచ్చుకుని, ఆ రోజు పాఠం ఆపి అరగంట దాని మీదే మాట్లాడారు. ఆ సబ్జెక్టులో నాకు పదికి ఎనిమిది వచ్చాయి. ఒకటి అమ్మమ్మది.

అక్కడ పదికి ఆరు వస్తే పాసు, ఎనిమిదొస్తే పండగ, పది దేవుడికి. ఈ సంగతి గుడివాడ మావయ్యకు అర్థం చేయించడం నావల్ల కాలేదు. ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టే హాస్టల్లో నన్ను చదివించింది ఆయనే మరి. "ఏరా అల్లుడూ, మిగతా రెండూ ఏమైనట్టు?" అన్నాడు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని అమ్మకు విడిగా ఫోన్ చేశాడట.

ఒకనాడు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో, మసక దీపం కింద, అద్దం వెనక ఒక కలంకారీ గుడ్డ కనిపించింది. కోరమాండల్ తీరం అని చీటీ ఉంది. గాలీ వెలుతురూ తగలకుండా ఎంత అపురూపంగా దాచారో! నాకు మాత్రం మా డాబా కళ్లముందు మెదిలింది. పెడన అచ్చు దుప్పటి పాతబడగానే అమ్మ దాన్ని మండుటెండలో పరిచి, దాని మీద గుమ్మడి వడియాలు పెడుతుంది.

ఇక అసలు సంగతి. ప్రాజెక్టులో నా జతగాడు కాఫీకి పిలిచాడు. బిస్కెట్ల డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు. ఒకటి తీసుకున్నాను. మూత పెట్టేశాడు. మొహమాటానికి "చాలు" అందామనుకున్నవాణ్ని, ఆ అవకాశమే ఇవ్వలేదు! మన దివిసీమలో చాలు అన్నాక కదా వడ్డన మొదలయ్యేది.

వాడు నా గదికొచ్చినప్పుడు లడ్డు డబ్బా తీశాను. 2017లో దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చిందని చెప్పాను. వాడు ఒకటి తిని, అలవాటు కొద్దీ డబ్బా మూత తనే పెట్టాడు. నేను తీసి రెండోది చేతిలో పెట్టాను. మూడోది, అమ్మ మీద ఒట్టని తినిపించాను. వాడు మూడూ తిని, వేళ్లకంటిన నెయ్యి తుడుచుకుని, సెల్‌ఫోన్ తీసి, "ఎంత పంపమంటావు?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. అక్కడ టిక్కీ అని ఒక యాప్ ఉంది. ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి, స్నేహితుడి ఫోనుకు వసూలు చీటీ పంపుతారు. నలభై సెంట్లకూ పంపుతారు. కోపాలూ ఉండవు, సిగ్గూ ఉండదు. వాడికి డబ్బు తీసుకోనని చెప్పాను గానీ, ఆ రాత్రి పడుకుని, మా పేటలో వాళ్ల కంపెనీ ఉన్నన్నాళ్లకూ స్థలం అద్దె ఎంతవుతుందో, ఆ చీటీ ఎవరి ఫోనుకు పంపాలో చాలాసేపు ఆలోచించాను.

జులైలో బందరు వచ్చేశాను. వచ్చిన వారానికి వాడి దగ్గర్నుంచి టిక్కీ వచ్చింది. చివరి రోజు తాగిన టీలో నా వాటా 85 సెంట్లు. అప్పటికే అక్కడి బ్యాంకు ఖాతా మూసేశాను. అది ఇంకా బాకీనే.