గాలిగారికి పోస్టింగ్ ఇవ్వండి

పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద కడుతున్న వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్ 22, సోమవారం రాత్రి ఎందుకు పడ్డాయో పేపర్లో చూసే ఉంటారు. ఈదురుగాలి వీచిందట. అది చదివాక గాలి మీద నాకు ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. 2016లో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఆ వంతెన మీదికెక్కి, గర్డర్లను పట్టి ఊపి మరీ చూసింది ఇన్నేళ్లలో గాలిగారొక్కరే!

కాబట్టి ఆయన్ను వంతెనల తనిఖీ అధికారిగా వెంటనే రెగ్యులరైజ్ చెయ్యాలి. అనుభవం లేదనకండి. 2022 ఏప్రిల్‌లో బిహార్ సుల్తాన్‌గంజ్ దగ్గర, గంగ మీద కడుతున్న వంతెనలో ఓ ముక్కను కిందపడేసింది ఆయనేనట. గాలీ పొగమంచూ కలిసి పడగొట్టాయని ఓ ఐఏఎస్ అధికారి చెప్పాడని కేంద్రమంత్రి గడ్కరీయే వాపోయారు. అంటే సారుకు అసిస్టెంటు కూడా ఉన్నాడన్నమాట. పైగా వంతెనల పనిలో పేరున్న కుటుంబం. లంకకు వారధి కట్టిన జట్టులో కొడుకున్నాడు.

ఖర్చు చూడండి. జీపు వద్దు, డీజిలు వద్దు, టీఏ డీఏలు వద్దు, గెస్ట్‌హౌస్‌లో నాటుకోడి అసలే వద్దు. కాంట్రాక్టరు బావమరిది దండ వెయ్యబోతే దండ ఎగిరిపోతుంది. కవరిస్తే కవరూ ఎగిరిపోతుంది. రిపోర్టు రెండు నిమిషాల్లో వస్తుంది, అదీ ఏటి ఇసకలో, చదువురానివాడికీ అర్థమయ్యేలా. సీనియారిటీ వచ్చాక తుఫానుగా ప్రమోషన్. ఒక్కటే చిక్కు, ఆయన పెట్టే పరీక్షకు సప్లిమెంటరీ లేదు.

మనిషి చేసే తనిఖీ వేరు. పిల్లరు తలదాకా ఎక్కాలి. గర్డరు ఆనినచోట బేరింగు నలిగిందేమో వంగి చూడాలి. సుత్తితో కొట్టి ఎక్కడ డొల్లగా మోగుతుందో వినాలి. పగులు చివర గీత గీసి తేదీ వెయ్యాలి, మళ్లీ వచ్చినప్పుడు గీత దాటిందో లేదో చూడాలి. ఇలా చూసే ఏఈలు లేకపోలేదు. వాళ్లకు ఎక్కడానికి నిచ్చెన ఉండదు, వాళ్లు రాసింది చదివే పైవాడు ఉండడు.

స్లాబు పడని గర్డర్లను పక్కకు ఒరగకుండా అడ్డంగా బిగించి ఉంచాలని డిప్లొమా కుర్రాడికీ తెలుసు. గాలి వీస్తుందనీ తెలుసు. ఎనిమిదేళ్లలో ఎనిమిది ఎండాకాలాలు గడిచాయి, ఈదురుగాలి అంటే మనకేమైనా కొత్త చుట్టమా? ఇలా నెపం వేయడమూ కొత్త కాదు. మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీది పాత వంతెనను 2016 మేలో చూసి భేషుగ్గా ఉందన్నారు. ఆగస్టులో అది బస్సులతో సహా వరదలో పోయింది. గుజరాత్‌లోని మోర్బీ తీగల వంతెనను 2022 అక్టోబర్‌లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండానే తెరిచారు. నాలుగో రోజుకు 135 మంది చచ్చిపోయారు. అది దేవుడి ఇష్టమని నిర్వహణ సంస్థ మేనేజరు కోర్టులో చెప్పాడు. ఒకచోట దేవుడు, ఒకచోట వరద, ఇక్కడ గాలి. జీతం తీసుకునేవాడి పేరు మాత్రం ఎక్కడా రాదు, సిగ్గులేకపోతే సరి! ఓడేడులో గర్డర్లు పడడానికి కాసేపటి ముందే పెళ్లి బస్సు ఆ కిందినుంచి దాటిపోయిందట. అందుకే ఈ కాలమ్‌లో వెటకారం రాయగలిగాను.

అయ్యా, గాలిని వదిలేయండి. పని ఆగిన రోజునుంచి ఆ సోమవారం దాకా ఆ గర్డర్ల దగ్గరికి ఎవరు, ఏ తేదీన ఎక్కారో, ఏం రాశారో ఆ రిజిస్టరు బయటపెట్టండి. ఎవరూ ఎక్కకపోతే ఆ మాటైనా సంతకం పెట్టి చెప్పండి.