ఎర్రచందనానికి కాపలా

శేషాచలం అడవిలో ఎర్రచందనాన్ని దొంగల నుంచి కాపాడ్డానికి తిరుపతిలో ఒక టాస్క్‌ఫోర్సే ఉంది. మా టిష్యూ కల్చర్ ల్యాబ్ సీసాలో ఉన్న ఎర్రచందనం మొలకను మా నుంచి కాపాడే నాథుడే లేడు. ఇక్కడి దొంగ మా ఊపిరిలో, గోళ్లలో, చొక్కా మడతల్లో కాపురం ఉంటాడు.

మొక్క ముక్క సీసాలో తినేది ఎంఎస్ మీడియం. 1962లో మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణాల కోసం కట్టిన లెక్క అది. లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల పంచదార. తంటా అంతా ఆ పంచదారతోనే. దాన్ని తిని చిగురెయ్యడానికి ఎర్రచందనం వారాల తరబడి ఆలోచిస్తుంది. బూజు ఆలోచించదు.

అందుకే మీడియాను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఉడికిస్తాం. వడగట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో హుడ్ తుడిచి, యూవీ లైటు వేసి, ఆర్పాకే దాని ముందు కూర్చుంటాం. దాని హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్ని నూటికి 99.97 పాళ్లు ఆపుతుంది. నా భయం తప్పించుకున్న ఆ 0.03 గురించి కాదు, కుర్చీలో కూర్చున్న శాల్తీ గురించి.

చేతులకు 70 శాతం స్పిరిట్. "నూరు శాతంది వాడితే ఇంకా బాగా చస్తాయి గదా సార్?" అని కొత్త పిల్లలు అడుగుతారు. చావవు, పని జరగాలంటే అందులో నీళ్లూ ఉండాలి. పూసుకున్న చేతులు ఆరకముందే హుడ్‌లోని స్పిరిట్ దీపం దగ్గర పెడితే మాత్రం వెంట్రుకలు కూడా స్టెరిలైజ్ అవుతాయి.

అడవి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మైతే మరీ కష్టం. మెర్క్యురిక్ క్లోరైడ్‌తో పైన ఎంత కడిగినా, బూజు కణజాలం లోపలే కూర్చుని ఉంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. అందుకే విత్తనాల్ని శుద్ధిచేసి, సీసాలోనే మొలిపించి, ఆ లేత మొలకల్నే కోస్తాం.

ఇన్ని చేసినా నోరు మూసుకోవడం మావల్ల కాదు. హుడ్ ముందు మాట్లాడకూడదన్నది నియమం. గ్లవ్స్ వేసుకున్న మరుక్షణం ముక్కు దురద పుడుతుంది, పక్కవాడికి వాళ్ల అత్తగారి సంగతి గుర్తొస్తుంది. అంతలో కొండకు పోయొచ్చిన మిత్రుడొకడు లడ్డూతో తిన్నగా లోపలికే వచ్చేస్తాడు. తిరుపతిలో ప్రసాదం వద్దనే మొనగాడు ఇంకా పుట్టలేదు. చెయ్యి చాపితే గ్లవ్స్ మైల, చాపకపోతే పాపం. "నోరు తెరువప్పా" అని ఆయనే పెట్టేసి, "గోవిందా అను" అంటాడు. జీడిపప్పు పలుకులతో సహా అన్నామా, ఆ బ్యాచ్ నిజంగానే గోవిందా.

చెడిన సీసాలను మూత తియ్యకుండా ఆటోక్లేవ్‌లో వేశాకే పారెయ్యాలి. ఆ పని మా అటెండరన్నది. ఓ రోజు తెల్లగా దూదిలా నిండిపోయిన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దీన్ని పారెయ్యమంటారా సార్?"

"పారెయ్యన్నా."

"మీ చెట్టు ఆర్నెల్లుగా అంగుళం లేవలా. ఇది మూడ్రోజుల్లో సీసా నిండిండాది. దీన్నే పెంచుకుంటే పోలా?"